ఆకుకూరలో ఔషధం : యల్లాప్రగడ సుబ్బారావు

ఏలూరు జిల్లాలోని నూజివీడు, చింతలపూడి ప్రాంతాలు మెట్ట భూములు. అక్కడి ఎర్రనేలలలో మామిడి తోటలు దట్టంగా పెరుగుతాయి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి పండ్లు అక్కడి నుంచి దూరప్రాంతాలకు ఎగుమతి అవుతాయి. ఏలూరు దాటి, కొల్లేరు అంచుల వెంట దక్షిణానికి సాగితే నేల స్వభావమే మారిపోతుంది. భీమవరం పరిసరాలలో ఎటు చూసినా వరిచేలు, కాలువలు, చేపల చెరువులు కనిపిస్తాయి. మెట్టలోని చింతలపూడి, డెల్టాలోని భీమవరం 2022 వరకు పశ్చిమ గోదావరి అనే ఒకే జిల్లాలో ఉండేవి. జిల్లాల సరిహద్దులు మారినా ఈ రెండు సీమల వంటకాల మధ్య బంధుత్వం మాత్రం చెక్కుచెదరలేదు. మెట్టలో చిగిర్చిన చింతచిగురును పల్లంలో ఎండబెట్టిన రొయ్యలతో కలిపి వండుకోవడం ఈ ప్రాంతంలో తరతరాల అలవాటు. మాంసాహారం ముట్టనివారు అదే చిగురును కందిపప్పులో వేసి వండుకొని, పెరుగన్నంతో భోజనం ముగిస్తారు.

మనిషికి మేలు చేసేది మొక్కల నుంచి వచ్చే ఆహారమా, జంతువుల నుంచి వచ్చే ఆహారమా అనే చర్చ నేడు ప్రపంచమంతటా సాగుతున్నది. ఒకరు ఆకులూ గింజలూ చాలునంటారు. మరొకరు పాలు, గుడ్లు, చేపలు, మాంసం లేనిదే బలం లేదంటారు. ఈ చర్చ వీధులలోకి రాకముందే, ఆకులోనూ కాలేయంలోనూ దాగిన ఒక పోషక పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మానవాళికి అందించిన బృందానికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఈ గోదావరి నేలమీదనే పుట్టారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం ముందుగానే ముగియడంతో కుటుంబాన్ని పేదరికం చుట్టుముట్టింది. బాలుడైన సుబ్బారావుకు తరగతి గదిలో కూర్చొని చదవడం కన్నా త్వరగా ధనం సంపాదించాలన్న తహతహ మిక్కిలిగా ఉండేది. పదమూడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలన్నది ఆయన ఆలోచన. పెద్దలు దారిలోనే పట్టుకొని ఇంటికి తీసుకువచ్చారు. కొడుకు చదువు ఆగిపోరాదన్న పట్టుదల తల్లిది. ఆ తల్లి కష్టం వృథా పోలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పినా, మూడవ ప్రయత్నంలో మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి సుబ్బారావు ఉత్తీర్ణులయ్యారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్న్యసించి సేవ చేయాలని సంకల్పించారు. తల్లి అందుకు అనుమతించలేదు. సన్న్యాసం లేకుండానే రోగులకు సేవ చేయవచ్చునని మిషన్ పెద్దలు వైద్యవిద్య వైపు దారి చూపించారు. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులూ, తరువాతి కాలంలో ఆయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ చదువుకు అయ్యే ఖర్చును భరించారు. సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడారు.

అవి జాతీయోద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు వస్త్రంతో కుట్టించిన శస్త్రచికిత్స దుస్తులు ధరించి తరగతికి వెళ్ళారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది రుచించలేదు. రాత పరీక్షలలో చక్కగా రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే ఆయన కళాశాల నుంచి బయటికి రావలసివచ్చింది. ప్రభుత్వ వైద్య సేవలో చేరడానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు ఆచంట లక్ష్మీపతిగారు నిర్వహించిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రాన్ని బోధించే ఉద్యోగం లభించింది.

ఆ యువ వైద్యుని జీవితాన్ని మలుపు తిప్పిన విషాదం ఆయన ఇంటిలోనే జరిగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి తరువాత ఒకరు కన్నుమూశారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధి సోకినవారి పేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. తిన్న అన్నం ఒంటబట్టదు. నాలుక పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణిస్తుంది. కంచం నిండుగా ఉన్నా శరీరం ఆకలితో కృశించిపోతుంది. ఇంట్లో ఒక వైద్యుడు ఉండి కూడా చేయగలిగినది ఏమీ లేకపోయింది. ఆనాటి ఆధునిక వైద్యానికి ఆ వ్యాధి కారణం కాని, మందు కాని తెలియదు. సుబ్బారావు కూడా అదే వ్యాధి వాత పడ్డారు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స ఆయనను బ్రతికించింది. తనను కాపాడిన మందులలోని గుణమేమిటి, సోదరుల దేహాలలో కొరవడినదేమిటి అన్న ప్రశ్నలు ఆయనను వెన్నాడాయి. వాటికి సమాధానం వెదకడానికి విదేశాలకు వెళ్ళి పరిశోధన చేయాలని ఆయన నిశ్చయించుకున్నారు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం, మామగారి తోడ్పాటు లభించగా, 1920వ దశకం తొలి సంవత్సరాలలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్యశాలలో చేరి డిప్లొమా సంపాదించారు. చేతిలో డబ్బు లేదు. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యవృత్తి సాగించే వీలు లేదు. అందువల్ల ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని. చేసే పనిలో ఎక్కువ తక్కువలు ఎంచని స్వభావం ఆయనకు ఆ కష్టకాలంలో అండగా నిలిచింది.

హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి సుబ్బారావు పరిశోధన ఆరంభించారు. రక్తంలోనూ, మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని వారిద్దరూ కనుగొని 1925లో ప్రకటించారు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి భాస్వరం ఎంత ఉన్నదో లెక్కగట్టే ఆ విధానం ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. ఆ కొలమానం చేతికి రావడంతో కండరాల రహస్యం వెలికివచ్చింది. కండరంలో శక్తిని నిలువ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వారు 1927లో వెల్లడించారు. 1929లో ఏ.టి.పి. అణువును వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా ఆ అణువును కనుగొన్నారు. తిన్న ఆహారంలోని శక్తి ప్రతి కణంలోనూ ఖర్చుకు సిద్ధంగా ఉండేది ఈ అణువు రూపంలోనే. మొక్కకైనా జంతువుకైనా ప్రాణశక్తికి నాణెం ఇదే. 1930లో సుబ్బారావు డాక్టరేటు పట్టం పొందారు.

అయినప్పటికీ ఆయన మనసులో తొలి ప్రశ్న అలాగే మిగిలి ఉంది. ఆ ప్రశ్నకు సంబంధించిన ఆధారాలు అప్పటికి రెండు భిన్నమైన దిక్కులలో కనిపించసాగాయి. మొదటిది జంతు సంబంధమైనది. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు గురైనవారికి రోజూ కాలేయం తినిపిస్తే వారు కోలుకుంటారని మైనాట్, మర్ఫీ అనే వైద్యులు 1926లో బోస్టన్‌లోనే నిరూపించారు. విప్పుల్‌తో పాటు వారికి 1934లో నోబెల్ బహుమతి లభించింది. కాలేయంలోని ఏ పదార్థం ఆ మేలు చేస్తున్నదో తెలుసుకోవడానికి ఎందరో పూనుకున్నారు. సుబ్బారావు కూడా హార్వర్డులో కాలేయ సారాన్ని విడగొట్టి పరిశీలించారు.

రెండవ ఆధారం భారతదేశం నుంచే వెలువడింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, అక్కడి గర్భిణులలో కనిపించే ఒక విధమైన రక్తహీనతను అధ్యయనం చేశారు. పేద ఇండ్లలోని ఆ స్త్రీలు తినే ఆహారంలో ఏదో కొరవడుతున్నదని ఆమె గ్రహించారు. శుద్ధి చేసిన కాలేయ సారానికి లొంగని ఆ జబ్బు, చవకగా దొరికే ఈస్టు సారంతో నయమైంది. ఈస్టులోని ఆ పోషకానికి విల్స్ అంశమనే పేరు వచ్చింది. కొన్నేళ్ళ తరువాత, 1941లో, అమెరికాలోని టెక్సస్ పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూరను పిండి, అతి స్వల్ప పరిమాణంలో ఒక ఆమ్లాన్ని రాబట్టారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. దానిని బట్టి ఆ పదార్థానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నులకొద్దీ ఆకులను పిండినా వచ్చేది చిటికెడు. దానితో ఒక రోగికైనా పూర్తి చికిత్స చేయడం దుర్లభం.

సరిగా ఆ దశలోనే సుబ్బారావు జీవితం మరొక మలుపు తిరిగింది. ఇన్ని పరిశోధనలు చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్ పట్టణానికి తరలివెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. రసాయన శాస్త్రవేత్తలను, జీవశాస్త్రవేత్తలను, వైద్యులను ఒక్క తాటిపై నడిపే అవకాశం ఆయనకు అక్కడ కలిగింది.

కాలేయం నుంచి లభించే ఒక పదార్థం కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలకు అవసరమని అప్పటికే తెలుసు. లెడర్లీ, పార్క్ డేవిస్ సంస్థల పరిశోధకులు 1943లో దానిని స్వచ్ఛమైన రూపంలో వేరుచేశారు. ఆకులో దొరికిన ఆమ్లం, ఈస్టులో దొరికిన అంశం, కాలేయంలో దొరికిన పదార్థం ఒకే కుటుంబానికి చెందినవని క్రమంగా తేటతెల్లమైంది. ఏ మందు కోసం ఒకరు పాలకూర పిండారో, మరొకరు కాలేయం ఉడికించారో, ఆ రెండింటిలోనూ ప్రకృతి ఒకే పోషకాన్ని దాచి ఉంచింది. దాని నిర్మాణాన్ని ఛేదించి, ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసే కార్యాన్ని సుబ్బారావు బృందం చేపట్టింది. 1945లో ఆ సంశ్లేషణ ఫలించింది. ఆ విజయాన్ని లోకానికి చాటిన పరిశోధన పత్రంలో పదిమందికి పైగా శాస్త్రవేత్తల పేర్లున్నాయి. నాయకుడైన సుబ్బారావు పేరు వారి నడుమ ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది. అటుపైన టన్నుల ఆకులతో పని లేకపోయింది. చవకైన మాత్ర రూపంలో ఫోలిక్ ఆమ్లం అందుబాటులోకి వచ్చింది.

టామ్ స్పైస్ అనే అమెరికా వైద్యుడు ఆ మందును రక్తహీన రోగులకు ఇచ్చి చూశారు. తరువాత క్యూబా, ప్యూర్టోరికో దీవులలో స్ప్రూ వ్యాధితో మంచం పట్టినవారికి కూడా ఇచ్చారు. కొన్ని రోజులలోనే వారి నాలుక పూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం వృద్ధి చెందింది. ఇరవైయేళ్ళకు పైగా క్రితం ఎనిమిది రోజులలో ఇద్దరు సోదరులను మింగిన వ్యాధికి, వారి సోదరుడు నడిపిన ప్రయోగశాల నుంచే మందు వెలువడింది. అన్నదమ్ములను ఆ మందు తిరిగి తేలేదు. కాని వారివలె కృశించిపోతున్న ఎందరినో అది నిలబెట్టింది.

అయితే సత్యం అంతటితో పూర్తి కాలేదు. పెర్నీషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు రక్తం మెరుగుపడింది కాని, నరాలకు సంభవించే హాని ఆగలేదు. కొందరిలో అది ముదిరింది. కాలేయంలో మరొక పదార్థం కూడా ఉన్నదని దీనివల్ల రూఢి అయింది. 1948లో అమెరికాలోని మెర్క్, ఇంగ్లండులోని గ్లాక్సో సంస్థల శాస్త్రవేత్తలు ఆ రెండవ పదార్థాన్ని ఎర్రని స్ఫటికాలుగా రాబట్టారు. అదే బి12 విటమిన్. దీనిని తయారుచేయగలిగినవి కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే. వాటి ద్వారా అది జంతువుల దేహంలో చేరి పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా మనిషికి అందుతుంది. ఆకుకూరలలో, గింజలలో అది లభించదు. ఒకరోజుకు మనిషికి కావలసినది రెండు మైక్రోగ్రాములకు కొంచెం పైమాట మాత్రమే. అయినా అది లేకపోతే నరాల వ్యవస్థ దెబ్బతింటుంది. ఈ విధంగా ఆకు ఇచ్చేది ఒకటి, పశువు ఇచ్చేది మరొకటి అని, ఒకదాని లోటును మరొకటి పూర్తిగా తీర్చలేదని శాస్త్రం స్పష్టం చేసింది.

ఫోలిక్ ఆమ్లం నుంచి సుబ్బారావు బృందం మరొక దారి కూడా తీసింది. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అదుపు లేకుండా విభజన చెందే కాన్సర్ కణాలకు దానిని అందకుండా చేస్తే వాటి పెరుగుదల ఆగవచ్చునని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ భావించారు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్ అనే మందును లెడర్లీ ప్రయోగశాల సమకూర్చింది. రక్త కాన్సర్‌తో బాధపడే పిల్లలలో కొందరికి దానివల్ల తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సర్ చికిత్సలోనూ, కీళ్ళవాతంలోనూ వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ మందు కూడా లెడర్లీ ప్రయోగశాల నుంచి 1947లో వెలువడినదే. గోదావరి జిల్లాల ప్రజలను తరాలుగా పీడించిన ఆ వ్యాధి నివారణకు తరువాతి కాలంలో ఆంధ్రదేశంలో ఇంటింటికీ పంచిన మాత్ర అదే. 1945లో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధాన్ని కనుగొన్నది కూడా సుబ్బారావు పర్యవేక్షణలోనే.

ఇన్ని విజయాలు సాధించిన మనిషి వ్యక్తిగత జీవితం మాత్రం ఒంటరితనంతో నిండినది. భార్యను స్వదేశంలో విడిచి వెళ్ళిన సుబ్బారావు మరల తిరిగి రాలేదు. వారికి కలిగిన ఒకే కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భర్త రాక కోసం శేషగిరమ్మగారు జీవితమంతా ఎదురుచూశారు. శాస్త్రానికి ఆయన చెల్లించిన మూల్యంలో ఆమె వాటా కూడా ఉన్నది. అమెరికాలో పాతికేళ్ళు గడిపినా సుబ్బారావు ఆ దేశ పౌరసత్వం స్వీకరించలేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టు 8వ తేదీన, యాభైమూడేళ్ళ వయసులో గుండె ఆగి నిద్రలోనే కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. ఒక శిలీంధ్ర జాతికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.

సుబ్బారావు కృషి ఫలాన్ని ఆ తరువాతి కాలం మరింతగా గుర్తించింది. గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకున్న స్త్రీల శిశువులలో మెదడు, వెన్నుపాములకు సంబంధించిన పుట్టుక లోపాలు చాలావరకు తగ్గుతాయని బ్రిటిష్ పరిశోధకుల ఆధ్వర్యంలో పలు దేశాలలో జరిగిన అధ్యయనం 1991లో నిరూపించింది. భారత ప్రభుత్వం 1970 నుంచే గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలను అందజేసే పథకాన్ని ప్రారంభించింది. కౌమార వయసులోని విద్యార్థులకు వారానికి ఒకటి చొప్పున పంచే నీలిరంగు మాత్రలోనూ ఉన్నది ఆ రెండే. అయినప్పటికీ 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. మాత్ర తోడ్పడుతుంది కాని, దినదినమూ తినే భోజనానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

ఆ భోజనం ఖరీదైనది కానక్కరలేదు. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు, చింతచిగురు వంటివి పెరటిలోనో, పొలం గట్టునో తక్కువ నీటితో పెరుగుతాయి. తోటకూర విత్తిన నెలలోపే కోతకు వస్తుంది. కంది, పెసర, మినుము, శనగ వంటి పప్పుధాన్యాలలో ఫోలిక్ ఆమ్లంతో పాటు మాంసకృత్తులు కూడా సమృద్ధిగా ఉంటాయి. ఆ మొక్కల వేళ్ళపై ఉండే బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందించి భూసారాన్ని పెంచుతాయి. మెట్ట ప్రాంతాలలో ఇష్టంగా వండుకొనే మామిడికాయ పప్పులో పప్పు ఇనుమును ఇస్తే, మామిడికాయ పులుపు ఆ ఇనుమును దేహం గ్రహించడానికి తోడ్పడుతుంది. మామిడి పండులోనూ కొంత ఫోలిక్ ఆమ్లం ఉన్నది. అయితే ఈ పోషకం వేడికి నశిస్తుంది, నీటిలో కరుగుతుంది. ఆకుకూరలను అతిగా ఉడికించి, ఆ నీటిని వార్చి పారబోస్తే మేలులో అధికభాగం నీటితోనే పోతుంది.

ఆకు ఇవ్వలేని బి12ను కొద్ది పరిమాణంలోని జంతు సంబంధమైన ఆహారం ఇస్తుంది. శాకాహారులకు పాలు, పెరుగు, మజ్జిగ ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. పాలు కూడా ముట్టనివారు ఆ విటమిన్‌ను మాత్ర రూపంలోనో, దానిని చేర్చిన ఆహారంలోనో తీసుకోవలసి ఉంటుంది. మాంసాహారులకు గుడ్డు, చేప, రొయ్య వంటివి ఆ మేలు చేస్తాయి. మనిషి తినలేని గడ్డినీ, తవుడునూ తిని పాడిపశువు పాలిస్తుంది. ఈ పద్ధతిలో పంటా పాడీ ఒకదానికొకటి ఆసరాగా నిలుస్తాయి. కాని జంతు సంబంధమైన ఆహారాన్ని హద్దు మీరి పండించబూనితే ప్రకృతి దాని మూల్యాన్ని వసూలు చేస్తుంది. ఈ సత్యానికి నిదర్శనం కొల్లేరు. వలస పక్షులకు నెలవైన ఆ మంచినీటి సరస్సును చేపల చెరువులు ఆక్రమించగా, 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన ఆ ప్రాంతంలో 2006 నాటికి ప్రభుత్వమే గట్లు తెగగొట్టించవలసి వచ్చింది. తిండి కోసం నీటినీ నేలనూ చెరిపివేస్తే రేపటి తరానికి తిండి మిగలదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ సమతౌల్యాన్నే సూచిస్తున్నాయి. కంచంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లతో నిండి ఉండాలని, మిగిలిన సగంలో ధాన్యాలు, పప్పులు, పాలు, గుడ్లు లేదా మాంసాహారం, గింజలు, నూనె తగు పాళ్ళలో ఉండాలని వాటి సారాంశం. మితిమీరిన మాంసం కాని, పప్పూ ఆకూ లేని వట్టి తెల్లన్నం కాని ఆ కంచానికి సరిపోవు.

భీమవరంలో పుట్టి, కాశీలో అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలనుకున్న బాలుడు, చివరకు లోకానికంతటికీ ఆరోగ్యధనాన్ని సమకూర్చాడు. ఆస్తిని కూడబెట్టక, పేరును కోరక, మరణించిన సోదరుల వేదనను మానవాళి వేదనగా భావించి ఆయన పరిశ్రమించారు. కడుపు నిండటం వేరు, దేహానికి పోషణ అందటం వేరు అన్న సంగతిని ఆయన జీవితం మనకు నేర్పుతుంది. పెరటి తోటకూరను, ఇంటి పెరుగు గిన్నెను చులకనగా చూడక, ఉన్నంతలో కంచాన్ని సమంగా తీర్చిదిద్దుకోవడమే ఆ మహనీయుని కృషికి మనం ఇవ్వగల తగిన గౌరవం.